ఉదయం పాలకీ సాయంత్రం పాలకీ మధ్య

కోరా నోటి నుంచి ఎమ్మెట్ మొట్టమొదట విన్నది తిట్లే.

బీరు కాచిన రోజున మిగిలే బార్లీ పిప్పిని ఆ పూటే ఎత్తేయాలి. లేదంటే మధ్యాహ్నానికల్లా పులిసి, వీధి వీధంతా ముక్కు మూసుకుంటుంది. ఆవులకి మాత్రం ఆ పిప్పంటే ప్రాణం. అందుకే అమెరికాలోని వెర్మాంట్‌లో బీరు కాచే ప్రతి చిన్న బ్రూవరీకీ ఒక పాడిరైతు ఉంటాడు. అలాంటి ఒక ఊరి బ్రూవరీలో బీరు కాచడానికి కోరా కొత్తగా వచ్చింది. పిప్పి ఎత్తాల్సిన రైతు ఎమ్మెట్. మండే జూలైలో ఒకరోజు మూడు గంటలు ఆలస్యంగా దిగాడు.

"గడియారం చూడటం రాదా మీకు? నా గుమ్మంలో ఈగల సంత పెట్టారు," అంది కోరా, రబ్బరు బూట్లతో పీపాల మధ్య నిలబడి.

"ఆవు ఈనిందండీ. దూడ అడ్డం తిరిగింది."

ఆమె కోపం టక్కున దిగిపోయింది. "బతికిందా?"

"రెండూ బతికాయి. పెయ్యదూడ."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా. పట్టండి అటువైపు," అని పీపాకి తనే ఒక చెయ్యి వేసింది.

ఆ చెయ్యి వెయ్యడంతో మనవాడి పని అయిపోయింది. వారానికి రెండుసార్లు రావలసినవాడు నాలుగుసార్లు రావడం మొదలుపెట్టాడు. "పిప్పి ఉందేమోనని," అనేవాడు. "పిప్పి లేదు, కాఫీ ఉంది," అనేది ఆమె. అలా ఏడాది పైన గడిచింది. మీరు పోయి నువ్వు వచ్చింది.

సెప్టెంబరులో ఒక సాయంత్రం ఎమ్మెట్ వాళ్ళ వంటింటి బల్ల మీద కోరా రోడ్డు మ్యాపు పరిచింది. బయట వాన ఎవరో పిలిచినట్టు కిటికీ తడుతోంది. పొయ్యి పక్కన ఎమ్మెట్ నానమ్మ లూసీల్ ఆపిల్ పళ్ళకి చెక్కు తీస్తోంది.

"నాలుగు రోజులు, ఏడు బ్రూవరీలు," అంది కోరా, చెవి మీది పెన్సిలు తీసి. "మొదటిది గ్రెటాది. నాకు బీరు కాచడం నేర్పింది ఆవిడే. రెండోది, మా ట్యాంకు పగిలినప్పుడు వాళ్ళ ట్యాంకు ఇచ్చిన ఓరిన్‌ది. మిగతావాళ్ళూ అంతే, అందరూ నాకు ఏదో ఒకటి చేసినవాళ్ళే. ఎవరికీ ఎదురుగా వెళ్ళి థాంక్స్ చెప్పలేదు. నిన్ను పక్కన పెట్టుకుని చెప్పాలని ఉంది. నీకు వీలవుతుందా?"

"సరే."

"నేను రుచి చూస్తుంటాను కాబట్టి డ్రైవింగ్ నీదే."

"సరే. నాకు ఒక్క గుక్క చాలు."

"చివరిది సముద్రం ఒడ్డున. నువ్వు సముద్రం చూడలేదన్నావుగా. అక్కడ రెండు రాత్రులు. మరి పాలు ఎవరు తీస్తారు?"

"మనిషిని చూశాలే."

ఆపిల్ మీద కత్తి ఆగింది. నానమ్మ కళ్ళజోడు పైనుంచి మనవణ్ణి చూసింది. ముప్పై ఎనిమిది ఆవులు. పొద్దున ఐదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకి ఒకసారి. క్రిస్మస్ వచ్చినా, జ్వరం వచ్చినా తప్పదు. నాన్న పోయిన తొమ్మిదేళ్ళలో ఎమ్మెట్ బయట ఒక్క రాత్రి పడుకోలేదు.

కోరా కారు మలుపు తిరగ్గానే నానమ్మ అడిగింది. "ఎవర్రా ఆ మనిషి? నాక్కూడా చూపించు."

"దొరుకుతాడులే నానమ్మా."

"ఆ పిల్లతో ఉన్నమాట చెప్పు."

"చెప్తే పోతుంది. నేను పెళ్ళాడదామనుకున్న డెల్ఫిన్ ఏమని పోయింది? నీకిప్పటికే ముప్పై ఎనిమిది మందితో పెళ్ళయింది, ముప్పై తొమ్మిదోదాన్ని నేను కాలేను అనలేదూ?"

నానమ్మకి నవ్వొచ్చింది గానీ మనవడి ముఖం చూసి మింగేసింది.

ఎమ్మెట్ వెతకని ఊరు లేదు. ఒకాయనకి మణికట్టు విరిగింది. ఇంకొకాయన కొడుకు పెళ్ళి సరిగ్గా ఆ వారమే. మరొకాయన తన ఆవులకే మనుషులు దొరక్క ఏడుస్తున్నాడు. ప్రయాణానికి వారమే మిగిలేసరికి ఎమ్మెట్ పశువుల బేరగాడు హాస్కెల్‌కి ఫోన్ చేశాడు. చేసి, కొట్టంలోకి వెళ్ళి చాలాసేపు ఊరికే కూర్చున్నాడు.

గురువారం తుంపరలో హాస్కెల్ వచ్చాడు. అతను ఒక్కో ఆవు పొదుగూ తడిమి చూస్తుండగా కోరా కూడా వచ్చింది.

"ఎవరాయన?"

ఎమ్మెట్ టోపీ సర్దుకున్నాడు. హాస్కెలే జవాబిచ్చాడు. "కొనడానికి వచ్చానమ్మా. మంద మొత్తం."

కోరా ఎమ్మెట్ చొక్కా చెయ్యి పట్టుకుని బయట వానలోకి లాక్కొచ్చింది. "ఏంటిది?"

"మనిషి దొరకలేదు. ప్రయాణానికి."

"నాలుగు రోజుల కోసం మంద అమ్మేస్తావా? నీకేమైనా పిచ్చా?"

"నాలుగు రోజుల కోసం కాదు. ఇవాళ ఇది, రేపు ఇంకోటి. నువ్వు అడిగినప్పుడల్లా కుదరదంటుంటే ఎన్నాళ్ళుంటావు? ఆవులా నువ్వా అని ఆలోచించాను. ఎక్కువసేపు పట్టలేదు."

అతని టోపీ అంచు నుంచి నీళ్ళు ఆమె భుజం మీదకి కారుతున్నాయి. ఇద్దరూ జరగలేదు.

"మూడు గంటలు దూడ కోసం కష్టపడి, నా తిట్లు తింటూ కూడా ఆ ఆవుని ఒక్కమాట అనలేదు నువ్వు. నాకు నచ్చింది ఆ మనిషి," అంది కోరా. "ఆవుల్ని అమ్ముకుని వచ్చేవాణ్ణి నేనేం చేసుకోను? వీలవుతుందా అని అడిగితే అన్నింటికీ సరే అన్నావు. నీకు కాదనడమే రాకపోతే, నీ సరేని నేనెలా నమ్మాలి ఎమ్మెట్?"

ఎమ్మెట్ వెనక్కి నడిచి కొట్టంలోకి వెళ్ళాడు. "శ్రమ ఇచ్చాను, ఏమీ అనుకోకండి. అమ్మడం లేదు," అన్నాడు హాస్కెల్‌తో. వంటింటి కిటికీలోంచి నానమ్మ కేకేసింది. "ఆపిల్ పళ్ళు పెట్టి కాల్చిన 'పై' పొయ్యిలోంచి తీశాను. తిని వెళ్ళు నాయనా." ఆ రోజు హాస్కెల్‌కి ఆ 'పై'లో పెద్ద ముక్క దక్కింది.

మ్యాపు మళ్ళీ బల్ల మీదికొచ్చింది. కోరా రబ్బరుతో నాలుగు రోజులూ చెరిపేసింది.

"పొద్దున పాలు ఎన్నింటికవుతాయి?"

"ఏడున్నర."

"నేనూ వచ్చి చెయ్యి వేస్తే?"

"ఏడు. నువ్వు నేర్చుకున్నాక."

"ఏడు నుంచి నాలుగున్నర. తొమ్మిదిన్నర గంటలు. మూడు గంటల దూరం దాకా వెళ్ళి రావచ్చు," అని పెన్సిలుతో ఇంటి చుట్టూ సున్నా చుట్టింది. సముద్రపు బ్రూవరీ అంచున, కానీ లోపలే పడింది. "ఏడు ఆదివారాలు. ఆదివారానికొకటి."

అలాగే వెళ్ళారు. మొదటి ఆదివారం ఒక ఆవు కోరాని బకెట్‌తో సహా కింద కూర్చోబెట్టింది. గ్రెటా ఆమె ప్యాంటు మీది మరకలు చూసి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. వెళ్ళిన ప్రతిచోటా కోరా బీరు రుచి చూస్తూ థాంక్స్ చెప్పేది. ఎమ్మెట్ పెరట్లో పిప్పి ఎత్తే రైతుని వెతికి పట్టుకుని ఆవుల కబుర్లలో పడేవాడు. అతను వాచీ ఎందుకు చూస్తున్నాడో ఆ రైతులకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఓరిన్ దగ్గర మాత్రం అతనే ముందుకెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు.

"మీరు ఆ ట్యాంకు ఇవ్వకపోతే బ్రూవరీ మూతపడేది. ఈవిడ వెళ్ళిపోయేది. నాకు దొరికేది కాదు. చాలా థాంక్సండీ."

"ట్యాంకు సంగతే మర్చిపోయానయ్యా," అన్నాడు ఓరిన్, చెయ్యి మాత్రం వదలకుండా.

ఏడో ఆదివారం నవంబరులో పడింది. ఎమ్మెట్ సముద్రం ముందు టోపీ తీసి నిలబడ్డాడు. "ఇంత ఉంటుందనుకోలేదు," అన్నాడు. బ్రూవరీలో వేడివేడి క్లామ్ గుల్లల సూప్ తాగి, మళ్ళీ ఒడ్డుకి వచ్చారు. ఒంటిగంట దాటింది.

కోరా అతని భుజానికి తల ఆనించింది. "ఎంత బావుందో. ఇంకో గంట ఉందామా?"

సరే అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. అతను దాన్ని ఆపుకున్నాడు.

"వద్దు కోరా. నాకూ ఉండాలనే ఉంది. కానీ ఆలస్యమైతే పొదుగులు సలుపుతాయి వాటికి. వెళ్దాం."

కోరా తలెత్తి అతని ముఖంలోకి చూసింది. తర్వాత హాయిగా నవ్వి అతని చేతిలో చెయ్యి పెట్టింది. "పద. ఇవాళ్టి నుంచి నువ్వు సరే అంటే నమ్ముతాను."

ట్రక్కు గంటసేపు కొండల్లో నడిచింది. ఎమ్మెట్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు. "నన్ను పెళ్ళి చేసుకుంటావా? రోజూ ఐదింటికి లేవాలి. ఎక్కడికీ దూరం పోలేం. బట్టలకి ఆ వాసన పోదు. అన్నీ ముందే చెప్తున్నా."

"ఆదివారం పెట్టుకుందాం," అంది కోరా, ఇదంతా ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నట్టు. "పదకొండింటికి మొదలైతే, భోజనాలతో సహా నాలుగింటికల్లా అయిపోవాలి. ఏడుగురినీ పిలుద్దాం. ఎవరి బీరు వాళ్ళే తెచ్చుకుంటారు."

ఎమ్మెట్ ట్రక్కు పక్కకి తీసి ఆపేశాడు.

"ఏమైంది? ఆలస్యమవుతుందిగా?"

"రోడ్డు కనపడటంలేదు," అన్నాడు, అరచేతులతో కళ్ళు తుడుచుకుంటూ. "నీకు థాంక్స్ ఎలా చెప్పాలో నాకు తెలీదు కోరా."

ఆమె అతని దగ్గరికి జరిగింది.

ఆ సాయంత్రం పాలు పది నిమిషాలు ఆలస్యంగా మొదలయ్యాయి. అరుస్తున్న ముప్పై ఎనిమిది ఆవులకీ పేరుపేరునా సారీ చెప్పుకుంటూ, కోరా పాలు తీసే మిషన్లు తగిలించింది.