మూడో కొక్కెం

గుర్రాలు వచ్చేస్తున్నాయి!

సోమేశ్వరరావు వంగి కాలి దగ్గర కొక్కెం లాగుతాడు.

ఊడదు.

మళ్ళీ లాగుతాడు... ఊహూఁ!

పక్కనున్న పర్షియన్ సైనికులంతా, అంటే కువైట్ సులైబియా యార్డులో అతనితో పనిచేసే కూలీలంతా, తమ కొక్కేలు ఊడదీసుకుని పారిపోతున్నారు. డైరెక్టర్ చెప్పినట్టే.

టీవీ సీరియల్ షూటింగ్. కాజిమా ఇసుకలో వెనకటి గొలుసుల యుద్ధం. వెన్ను చూపకుండా సైనికులు తమని తామే గొలుసుతో కట్టేసుకున్నారట.

ఆ గొలుసు చేసింది యార్డు వెల్డర్ సోమేశ్వరరావే. రెండు కొసలూ నేలలో మేకులకి బిగించిందీ అతనే. కాలి కడియాలని గొలుసుకి కలిపే, లాగితే ఊడే కొక్కేలు పెట్టిందీ అతనే.

పొద్దున ఎవరూ చూడకుండా ఒక్క కొక్కేన్ని ఊడకుండా వెల్డ్ చేసిందీ అతనే!

వరసలో మూడోది. గంగులయ్యది.

ఆ కడప గంగులయ్యంటే ఒళ్ళు మంట. పోయిన శుక్రవారం సూర్యావతి, రుమైథియాలో తను పనిచేసే ఇంటి గేటు దగ్గర, నవ్వుతూ వాడికి ఆవకాయ సీసా ఇచ్చింది. సోమేశ్వరరావు ఊరి పిల్ల! అతను రెండేళ్ళుగా మనసులో పెట్టుకున్న పిల్ల! ఆ నవ్వు తలుచుకుని వారమంతా కుళ్ళి చచ్చాడు.

తీరా షాట్ ముందు, ఖఖా వేషం వేసే నటుడికి చెయ్యి బెణికింది.

ఖఖా అంటే, శత్రువులు పొంచి ఉన్నారని పసిగట్టి, గుర్రం దూకించి తన సేనాపతిని కాపాడిన అరబ్బు వీరుడట. గుర్రం స్వారీ ఎవరికొచ్చని అడిగితే, ఊళ్ళో జట్కా తోలిన గంగులయ్య చెయ్యెత్తాడు.

వాడికి గుర్రం! వాడికి కత్తి!

వాడు వెళ్ళగానే వరసలో అందరూ ఒక్కో చోటు జరిగారు. నాలుగో చోట ఉన్న సోమేశ్వరరావూ జరిగాడు. గుర్రం మీద వాడినే చూస్తూ కడుపు మండిపోతుంటే, ఏ కడియం తన కాలికి బిగించారో చూసుకోలేదు.

ఇప్పుడు ముందు గుర్రం మీద గంగులయ్య!

"గంగులూ... ఊడట్లేదురా!"

గంగులయ్య కళ్ళెం లాగుతాడు. గుర్రం అడ్డం తిరుగుతుంది. వెనక గుర్రాలు రెండు పాయలుగా చీలిపోతాయి.

కట్!

గంగులయ్య దిగి పరుగున వస్తాడు.

"యాడా తగల్లేదు కదా సోమన్నా? నీకేమన్నా అయితే సూర్యావతికి నేనేం చెప్పాల? సిగ్గుపడి నా చేత నీకు ఆవకాయ పంపిచ్చింది. నేనే ఇయ్యడం మర్సిపోతి."

సోమేశ్వరరావు కాలు వెనక్కి లాక్కోబోతాడు.

గంగులయ్య కొక్కెం ఊడదీయబోతాడు... వేళ్ళు ఆగిపోతాయి. ఆ అతుకు ఎవరి చేతి పనో వాడికి తెలుసు. రోజూ సోమేశ్వరరావు అతికినవన్నీ నునుపు చేసేది వాడే.

"ఇది నా తావు కదన్నా?"

సోమేశ్వరరావు చూపు తిప్పుకుంటాడు.

గంగులయ్య లేస్తాడు. గుర్రమెక్కి వెనక్కి వెళ్ళిపోతాడు.

"వన్ మోర్! యల్లా!" డైరెక్టర్ తొందరపెడతాడు.

కూలీలు మళ్ళీ వచ్చి కొక్కేలు తగిలించుకుంటున్నారు. సోమేశ్వరరావు నోరు తెరుస్తాడు. చెబితే ఎవరు వెల్డ్ చేశారని అడుగుతారు. జైలు... ఇఖామా ఖలాస్! ఈ దేశంలో ఉండనివ్వరు.

నోరు మూసుకుంటాడు.

వాడు ఈసారీ పక్కకి తిప్పుతాడు. తిప్పుతాడు కదా?

దూరంగా గంగులయ్య ఇటే చూస్తున్నాడు.

గుర్రాలు కదలాలని సైగగా డైరెక్టర్ ఉత్తుత్తి పిస్టల్ ఎత్తుతాడు.

ఢాం!