ఆరో గాజు పలక

దెయ్యాలు అర్ధరాత్రి వస్తాయంటారు. నా అనుభవంలో అవి ఆఫీసు వేళల్లోనే వస్తాయి. ఐదు దాటితే ప్రభుత్వోద్యోగి దొరకడని వాటికీ తెలుసు.

నా ఉద్యోగం పాత భవనాల పగుళ్లు చూడడం. జిల్లాలో ఏ గోడ బీటలిచ్చినా నన్నే పంపుతారు కాబట్టి 'పగుళ్లాయన' అని పేరు. పెద్ద చదువులేం లేవు. ఇంజనీర్ల వెనకాల నిచ్చెన మోసి మోసి నేర్చుకున్నాను. పనీ కష్టమేం కాదు. పగులుకి అడ్డంగా వేలెడు వెడల్పు గాజు పలక పెట్టి, రెండు చివర్లూ సున్నంతో అంటించి, ఆ తడి సున్నం మీద మేకుతో తేదీ, పొట్టి సంతకం గీకాలి. మూడు నెలలాగి వెళ్లి చూడాలి. గాజు నిలిచి ఉంటే గోడ కదలడం లేదు, చీలితే కదులుతోంది. గాజు అబద్ధం చెప్పదు. ఆ పని దాని తరఫున మనిషి చెయ్యాలి.

ఊరి చివర పాత క్షయ ఆసుపత్రి ఒకటుంది. మూతబడి నలభై ఏళ్లు. దాన్ని పాత కట్టడాల జాబితాలో చేర్చి కాపాడాలని ఒక వర్గం, కూల్చేసి కూరగాయలకి కోల్డ్ స్టోరేజీ కట్టాలని ఇంకో వర్గం. మొదటి వర్గంలో ఒక్కరే ఉన్నారు. అక్కడ నర్సుగా చేసి, రిటైరైనా తాళంచెవులు మాత్రం వదలని సిస్టరమ్మ. రెండో వర్గంలో మిగతా ఊరంతా. ముందు వరసలో నా బావమరిది. కూల్చే కాంట్రాక్టూ వాడిదే, కట్టే కాంట్రాక్టూ వాడిదే.

సభ పెట్టారు. సభ అంటే సభ కాదు, కుర్చీలు వేసుకుని తిట్టుకోవడం.

"బండెడు టమాటాలు రోడ్డు మీద పారబోసి వచ్చాను పొద్దున," అన్నాడొక రైతు. "నీ గోడలు కూరొండుకు తినమంటావా?"

"మీ తాత ఆ గోడల మధ్యే రెండేళ్లు దగ్గాడు," అంది సిస్టరమ్మ. "మీ ఇంట్లోవాళ్లు ఒక్కరు గుమ్మం తొక్కారా?"

"పోయినవాళ్ల గొడవ ఇప్పుడెందుకు?"

"పోయారని నీకెవరు చెప్పారు?"

అందరూ నవ్వారు. నేనే గట్టిగా నవ్వాను. ముసలావిడ నా వైపు తిరిగి చూసింది. పామైనా కొంచెం జాలిగా చూస్తుంది.

చివరికి పైఅధికారి తేల్చేశాడు. గాజు చీలితే కూల్చాలి, నిలిస్తే జాబితాలో చేర్చాలి. ఆఫీసులో లెక్కపెట్టి ఐదు పలకలిచ్చారు. ఐదింటికీ ఐదు సంతకాలు పెట్టించుకున్నారు, దారిలో తినేస్తానేమోనని. వెళ్లి అంటించి వచ్చాను.

మూడు నెలల తర్వాత ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం బావమరిది తన జీపులోనే నన్ను తీసుకెళ్లాడు.

"గోడలు కదులుతున్నాయి కదా బావా?"

"ఇంకా చూళ్లేదురా."

"చూడ్డం దేనికి? నీ ఇల్లు కట్టిపెట్టింది ఎవరు?"

"నువ్వే."

"ఒక్క పగులైనా వచ్చిందా?"

"లేదు."

"రావాలనుందా?"

నేను ధైర్యవంతుణ్ణి కాను. ఇంట్లో బల్లి కనబడితే మా ఆవిడని పిలుస్తాను. స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని దిగాను.

వరండాలో సిస్టరమ్మ స్టూలేసుకుని కూర్చుని ఉంది. తాళంచెవులు నా చేతిలో పడేసింది.

"చూసి రా. చెయ్యి మాత్రం పెట్టకు."

"నా పని నాకు తెలుసమ్మా."

"తెలిసే చెబుతున్నాను."

లోపల పొడుగాటి నడవ. తలుపు మూసుకోగానే వెలుగు బూడిదరంగులోకి తిరిగింది. గబ్బిలాల వాసన, తడిసిన సున్నం వాసన. వాటి అడుగున ఎక్కడో ఫినాయిలు. నలభై ఏళ్ల కింద తుడిచిన నేల ఇంకా ఆరనట్టుంది. పైన రేకుల మీద చినుకులు మొదలయ్యాయి.

పలకలన్నీ నిక్షేపంలా ఉన్నాయి. గోడలు ఇసుమంతైనా కదల్లేదు. బావమరిది కట్టిన మా ఇంటికంటే ఇదే గట్టిదని అక్కడే తెలిసిపోయింది. సుత్తితో కొడితే గాజు ముక్కలై కింద రాలుతుంది, మోసం బయటపడుతుంది. కదిలిన గోడ మీద గాజు వెంట్రుకవాసి చీలి, అలాగే అతుక్కుని ఉంటుంది. అందుకని స్క్రూడ్రైవరు మొన గాజు కిందికి దూర్చి మెల్లగా తిప్పాను. టక్. ఎంత చక్కగా చీలిందో! ఇరవయ్యేళ్ల అనుభవం ఊరికే పోలేదు. రెండో గది... టక్. అలా తిప్పుకుంటూ వెళ్లాను.

చివరి వార్డులో ఇనప మంచాలు తీసేసిన గుర్తులు నేల మీద ఇంకా ఉన్నాయి. గోడకి మంచమెత్తున, సరిగ్గా దిండు ఉండే చోట, ఒక పలక. సున్నం మీద తేదీ. నా సంతకం.

వంగి చూశాను. గాజుకి ఆవిరి పట్టింది.

జేబురుమాలుతో తుడిచాను. పోలేదు. మళ్లీ తుడిచాను.

ఆవిరి లోపలివైపు ఉంది.

తగ్గింది. గాజు తేటపడింది. మళ్లీ పట్టింది... తగ్గింది... పట్టింది.

నా ఊపిరే తగులుతోందేమో అనుకున్నాను. చూద్దామని ఊపిరి బిగపట్టాను.

అదీ బిగపట్టింది.

గాజు తేటగా ఉంది. వెనక పగులు నల్లటి దారంలా ఉంది, గోరు కూడా పట్టదు. వాన చప్పుడు దూరమైంది. నా చెవుల్లో నా గుండె... ఇంకో గుండె... ఇక నావల్ల కాలేదు. వదిలేశాను.

అదీ వదిలింది. గాజంతా తెల్లబడిపోయింది.

అప్పుడే పరుగెత్తాల్సింది. కానీ బయట జీపులో బావమరిది ఉన్నాడు, వాడంటే భయం ఎక్కువ. కళ్లు మూసుకుని స్క్రూడ్రైవరు తిప్పాను.

టక్.

పగుల్లోంచి వెచ్చటి గాలి నా చెంపకి కొట్టింది. మందు వాసన. తర్వాత చిన్న దగ్గు... మాట మొదలుపెట్టేముందు పెద్దమనుషులు గొంతు సవరించుకుంటారే, అలా.

ఎలా బయటపడ్డానో తెలియదు. వరండాలో సిస్టరమ్మ లేచి నిలబడి ఉంది.

"పగలగొట్టావా?" గుసగుసగా అడిగింది.

"వాటంతటవే చీలాయి."

"ఎన్ని?"

"ఆరు."

అనేసి తాళంచెవులు చాచాను. ఆవిడ తాళంచెవులు తీసుకోలేదు. నన్ను ఎగాదిగా చూసింది.

"ఐదే కదా తెచ్చావు?"

జీపు హారను మోగింది. రిపోర్టులో ఐదు అనే రాశాను. గోడలన్నీ కదులుతున్నాయనీ రాశాను. నెల తిరక్కుండా ఆసుపత్రి నేలమట్టమైంది. మర్నాడు సిస్టరమ్మ మా గేటు ముందు నిలబడి, "నువ్వు రాసినట్టే కదులుతాయిలే," అనేసి వెళ్లిపోయింది. మళ్లీ కనిపించలేదు. తాళంచెవులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి, వేయడానికి తలుపులే లేవు.

పోయిన వారం పొద్దున్నే మా ఆవిడ కాఫీ తెచ్చి కసిరింది.

"ఆఫీసు పిచ్చి ఇంటికి కూడా తెచ్చారా? పడగ్గది గోడకి ఆ గాజుముక్క ఏంటి?"

నా దిండుకి ఎదురుగా, గోడ మీద ఒక పలక. సున్నం ఇంకా తడిగా ఉంది. నిన్నటి తేదీ. నా సంతకం. దాని కింద పగులు లేదు. మా ఇంట్లో ఎక్కడా లేదు.

"రాత్రంతా ఆ దగ్గేంటండీ? డాక్టరుకి చూపించుకోండి," అంది.

నేను దగ్గలేదు.

బావమరిదికి ఫోన్ చేశాను. "పీకి పారెయ్ బావా," అని నవ్వాడు. పీకలేదు. గాజు మీద చెయ్యి పెడితే ఏమవుతుందో వాడికి తెలియదు, నాకు తెలుసు. మా ఆవిణ్ణి పుట్టింటికి పంపేశాను. రోజూ పొద్దున్నే గోడ ముందు కూర్చుని ఊపిరి బిగపడుతున్నాను. అదీ బిగపడుతోంది. నేను వదిలితే అదీ వదులుతోంది. ఒకరకంగా అలవాటైపోయింది కూడా.

ఇవాళ కూడా బిగపట్టాను. నావల్ల కాక వదిలేశాను.

అది ఇంకా వదల్లేదు.