వెచ్చగా తిరిగొచ్చిన గిన్నె

"చనిపోయిన మనిషి భోజనం తెప్పించుకుంటున్నాడండీ," అంది థియా, చేతి తొడుగులైనా విప్పకుండా.

హెల్మీ కార్వొనెన్ ఆమెను పొయ్యికి దగ్గరగా కూర్చోబెట్టింది. బయట డులూత్ ఊరి పక్కనున్న సరస్సు ఒడ్డంతా గడ్డకట్టి ఉంది. సహాయకుడు డెస్మండ్ కాఫీ తెచ్చిచ్చాడు. హెల్మీ చాలా ఏళ్ళుగా ఆ ఊళ్ళో తప్పిపోయినవాళ్ళను వెతికిపెడుతోంది. దొరికినవాళ్ళలో సగంమంది దొరకాలని కోరుకోలేదని ఆమెకు తెలుసు.

థియా కొండ మీది సహకార వంటశాల కోసం ఒక యాప్ తయారుచేస్తోంది. చుట్టుపక్కల పొలాల్లో పండినవీ, సరస్సులో పట్టినవీ మాత్రమే అక్కడ వండుతారు. పారేసే డబ్బాలు ఉండవు. స్టీలు గిన్నెల్లో పంపి, ఖాళీ గిన్నెలు మర్నాడు వెనక్కి తెస్తారు. యాప్‌ను ముందుగా వాడి చూడమని కొందరికి ఫోన్లిచ్చి, ఉచితంగా భోజనం పంపుతున్నారు. వాళ్ళలో ఒకడైన ఓర్విల్ స్టెన్‌గార్డ్ అనే ముసలాయన చలికాలం మొదట్లో పోయాడు. అయినా ఆయన పేరు మీద రోజూ భోజనం వెళ్తోంది.

"వాడేవాళ్ళు ఎక్కువని చూపించడానికి నేనే చేస్తున్నానంటోంది బర్నిస్. ఆవిడే వంటశాల పెద్ద. సాయంత్రం సంఘం కూర్చుంటుంది. ఈలోగా నిజం తేలకపోతే యాప్ వద్దంటారు. దీనికోసం ఎవరెవరిని వదులుకుని ఈ ఊరొచ్చానో..." ఆమె సంచిలోంచి కంప్యూటర్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇవాళ్టిది చూపించమ్మా."

తెర మీద: బార్లీ సూప్, ఒకరికి. కింద ఒక గుర్తు: లోపలికి తెచ్చివ్వండి.

"ఈ మాట అందరికీ వస్తుందా?"

"ముందు వచ్చేది. నేనే తీసేశాను. గుమ్మం దగ్గర పెట్టేసి వెళ్తే పని తొందరగా అయిపోతుంది కదా. ఆయన ఫోన్లో పాతదే ఉండిపోయినట్టుంది."

వంటశాలలో బర్నిస్ గరిటె దించకుండానే మాట్లాడింది. "డిటెక్టివ్‌ని కూడా తెచ్చిందా! దయ్యాలకు బార్లీ సూప్ ఇష్టమేమో కనుక్కోండి."

"గిన్నెలు ఎవరు చేరవేస్తారు?"

"ఇంకెవరు, మా ఎమ్మెట్. నోట్లో ముత్యాలున్నట్టు మాట రాలదు."

వ్యాను నడిపే ఎమ్మెట్‌కు అరవై దాటాయి. "గుమ్మం ముందు పెడతాను. నిన్నటి ఖాళీ గిన్నె తెచ్చేస్తాను. అంతే," అన్నాడు నేల చూస్తూ.

"ఎవరు తీసుకుంటారో చూడలేదా?"

"ఎవరి మొహమూ చూడనండి. ఇప్పుడు ఎవరూ కనబడరు."

అతను వ్యానెక్కి వెళ్ళాక హెల్మీ, డెస్మండ్ ఊరు దాటి వేరే పని చూసుకుని, మధ్యాహ్నానికి ఓర్విల్ ఇంటికి చేరారు. తాళం వేసి ఉంది. బయటి మెట్ల నిండా మంచు. పై మెట్టు మీద మాత్రం ఒక మనిషి కూర్చునేంత మేర మంచు తుడిచి ఉంది. పక్కన ఒక బార్లీ గింజ పడి ఉంది.

వంటశాలకు తిరిగొచ్చేసరికి ఎమ్మెట్ ఖాళీ గిన్నెలు దించుతున్నాడు. హెల్మీ ఒక్కో గిన్నెనూ ముట్టుకుని చేయి లాగేసుకుంది. ఓర్విల్ పేరున్న గిన్నెను మాత్రం రెండు చేతులా పట్టుకుని నిలబడింది. చేతులు కాచుకుంటోందనుకున్నాడు డెస్మండ్.

"అందరూ కూర్చోండి," అంది హెల్మీ.

"కూర్చునే తీరిక మాకెక్కడిది?" అంటూనే బర్నిస్ బల్ల దగ్గరికొచ్చింది.

"థియా దొంగ లెక్క చూపాలనుకుంటే తన కంప్యూటర్లోంచే చూపేది. అందులో ఉన్నది కొత్త యాప్. 'లోపలికి తెచ్చివ్వండి' అని నొక్కే వీలే అందులో లేదు. కాబట్టి ఓర్విల్ పాత ఫోను ఎవరో నిజంగా వాడుతున్నారు. ఇక గిన్నె. రాత్రంతా గుమ్మంలో ఉన్న గిన్నెలు మంచుగడ్డల్లా వచ్చాయి. ఇది ఇంకా వెచ్చగా ఉంది. ఇవాళ వెళ్ళింది, ఇవాళే తిని, మళ్ళీ వ్యానులోని వేడి ఆగే సంచిలో పెట్టారు. ఆ గుమ్మానికి వెళ్ళి ఇక్కడికి తిరిగొచ్చే మనిషి ఒక్కడే."

ఎమ్మెట్ జేబులోంచి ఓర్విల్ ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆయనకు వేళ్ళు వణికేవి. నువ్వే నొక్కు, నీ దగ్గరే ఉంచుకో అన్నాడు. నేను తినేదాకా కూర్చోరా అనేవాడు. ఏవో చేపల కబుర్లు, అన్నీ అబద్ధాలే."

"నీకిక్కడ అన్నం పెట్టట్లేదా ఏంటయ్యా?" బర్నిస్ గొంతు తగ్గింది.

"ఇక్కడ అందరూ నిలబడి తింటారు. రోజంతా తలుపులే తప్ప మనిషి కనబడడు. ఈ అమ్మాయి ఆ మాట తీసేశాక, ఆయన ఫోన్లోనే మిగిలింది. అది నొక్కితే ఎవరో రమ్మన్నట్టుండేది. ఆ మెట్టు మీద కూర్చుని తినేవాణ్ణి."

థియా తల వంచుకుంది. "ఎంతసేపు ఆదా అవుతుందో చూశాను. అది ఎవరి సమయమో చూడలేదు."

సాయంత్రం సంఘం యాప్ తీసుకుంది. థియా ఓర్విల్ పేరు తొలగించింది. ఎమ్మెట్ పక్కనే నిలబడి, అది తెర మీంచి పోయేదాకా చూశాడు. తను తీసేసిన మాటను థియా మళ్ళీ అందరికీ పెట్టింది.

మర్నాడు సెలవడిగి డెస్మండ్ తల్లి దగ్గరికి వెళ్ళాడు. హెల్మీ పొయ్యి మండుతోందో లేదో రెండుసార్లు చూసుకుని, ఫోన్లో వంటశాల యాప్ తెరిచింది. బార్లీ సూప్, ఒకరికి. కాసేపు తటపటాయించి, కింది గుర్తు కూడా నొక్కింది.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినబడగానే లేచి, ఎన్నాళ్ళుగానో ఎదుటి కుర్చీలో పేరుకున్న పాత పత్రికలను గబగబా నేల మీదికి దించింది.