ఎనభై నాలుగు పళ్ళు

ఆదివారం పొద్దున్నే గోపాలస్వామి వరండాలో పాత పేపరు పరిచి, గ్రామఫోను మోటారు భాగాలను ఒక్కొక్కటే కిరసనాయిలుతో తుడుస్తున్నాడు. వంటింట్లోంచి చింతపండు లేని చారు వాసన వస్తోంది. అల్లుడికి చింతపండు పడదని కూతురు స్వర్ణ చెప్పినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఆదివారాలు చారుకు టమాటాలే దిక్కయ్యాయి. ముప్పై ఏళ్ళుగా చింతపండు చారు తాగిన మనిషికి అది గొంతు దిగడం లేదు. కారణం టమాటాలు కాదని ఆయనకూ తెలుసు.

పుంగనూరు బజారులో ఆయనకు రేడియో రిపేరు కొట్టు ఉంది. స్వర్ణ చిన్నప్పుడు బడి వదలగానే నేరుగా అక్కడికే వచ్చేది. స్క్రూడ్రైవరు అడగకముందే అందించేది. మా నాయన చేతిలో పడితే రాయి కూడా పాడతాదని బడంతా చెప్పుకు తిరిగేది. ఆ మాట తలుచుకుంటే ఈనాటికీ ఆయన ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది.

ఆ గ్రామఫోను ఆయన భార్య రాజేశ్వరమ్మది. గంగవరం పుట్టింట్లో అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు, ఎవరికీ అక్కరలేని తండ్రి పెట్టెను ఆమె బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చుకుంది. దీన్ని మళ్ళీ పలికిస్తానని గోపాలస్వామి మాట ఇచ్చి ఇప్పటికి మూడేళ్ళు. తెగిన స్ప్రింగుకు బదులు అదే కొలతది మదనపల్లెలో గడియారాలు బాగుచేసే లక్ష్మీపతి దగ్గర దొరికింది. సూది పక్కన ఉండే మైకా రేకు కోసం బెంగుళూరు పాత సామాన్ల సంతలో నాలుగుసార్లు తిరిగాడు. మిగిలింది ఒక్కటే, రికార్డు పెట్టే పళ్ళెం కింద తిరిగే ఇత్తడి పళ్ళచక్రం. పాతదానికి ఆరు పళ్ళు విరిగిపోయాయి. ఇంచుమించు సరిపోయేవి రెండు దొరికినా, ఈ పెట్టె చేసిన కంపెనీ చక్రమే కావాలని వెనక్కి ఇచ్చేశాడు.

ఉగాదికి వచ్చిన స్వర్ణ అది విని నవ్వింది.

“ఇంకా ఎన్నాళ్ళు తిరుగుతావు నాయనా? ఆయనకు చెప్తే కోసిస్తాడు.”

ఆయనంటే ఆమె భర్త ప్రదీప్. కుప్పంలో గ్రానైటు ఫ్యాక్టరీ యంత్రాల మరమ్మతు షెడ్డులో లేతు యంత్రం మీద లోహం కోసే పని. స్వర్ణ మామూలుగానే అంది. కానీ గోపాలస్వామి చెవిలో అది ముల్లులా దిగింది. పాతికేళ్ళ కుర్రాడు ఒక పూటలో చేసే పనికి తాను మూడేళ్ళు తిరిగినట్టా? పోనీ, ఆ కుర్రాడైనా గొప్పలకు పోయే రకమైతే బాగుండును, తిట్టుకోవడానికైనా వీలుండేది. అతను మాత్రం, మామ కొలతలిస్తే ప్రయత్నిస్తానని తల వంచుకొని చెప్పాడు. పాత చక్రం ఇస్తే పోల్చుకుంటానని అడిగాడు కూడా. అది పోతే ఇక దారి లేదని గోపాలస్వామి ఇవ్వలేదు. కాగితం మీద చక్రం బొమ్మ గీశాడు. అడ్డుకొలత, మందం, నడిమి రంధ్రం, అన్నీ సరిగ్గా రాశాడు. పళ్ళ సంఖ్య దగ్గర పెన్ను ఆగింది. విరిగినవాటి మొదళ్ళతో కలిపి ఎనభై నాలుగని ఆయనకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఎనభై రెండు అని రాశాడు.

మొదటి చక్రం కరకరమని పట్టేసింది. ప్రదీప్ తన చేతినే అనుమానించుకున్నాడు. ఫ్యాక్టరీ మేనేజరును బతిమాలి ఇంకో రెండు ఆదివారాలు షెడ్డు తాళం తీయించుకొని మళ్ళీ కోశాడు. ఈవేళ ఆ రెండో చక్రంతో వస్తున్నారు.

తొమ్మిది గంటలకు ఇద్దరూ బస్సు దిగి వచ్చారు. స్వర్ణ రాగానే టేబులు ఫ్యాను భర్త వైపు తిప్పి, తర్వాత తండ్రిని పలకరించింది. గోపాలస్వామి ఆ ఫ్యాను తిరగడం చూశాడు. రాత్రంతా మనసులో కాస్తో కూస్తో మెదిలిన జంకు అంతటితో పోయింది.

ప్రదీప్ జేబురుమాలు విప్పి చక్రం బయటికి తీశాడు. బంగారు బిళ్ళలా మెరుస్తోంది. ముందు గదిలో మామా అల్లుడూ కలిసి దాన్ని బిగించి, కీ ఇచ్చి, బ్రేకు వదిలారు. పళ్ళెం సగం చుట్టు తిరిగింది, కరకరమంది, నిలిచిపోయింది. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న రాజేశ్వరమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

స్వర్ణ మొహం మాడిపోయింది. చేతకాకపోతే ముందే చెప్పాల్సిందని, మా నాయన ఇంకో దారి చూసుకొని ఉండేవాడని మొగుణ్ణి పట్టుకొని అనేసింది. ప్రదీప్ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. గోపాలస్వామికి ఆ తిట్లలో ఒక్కటే వినిపించింది. ఎన్నాళ్ళకో మా నాయన అన్న మాట.

కానీ స్వర్ణ ఊరికే కూర్చునే పిల్ల కాదు. పాత చక్రం తీసుకుంది. ఒక పంటికి సుద్దముక్కతో గుర్తు పెట్టి, గోరుతో ఒక్కొక్కటే జరుపుతూ లెక్కపెట్టింది. అలా లెక్కపెట్టడం నేర్పినవాడు గోపాలస్వామే. తర్వాత కొత్తది లెక్కపెట్టింది. మళ్ళీ పాతది. ప్రదీప్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

“దీనికి ఎనభై నాలుగుండాయి. మీరు కోసిందానికి ఎనభై రెండే. మా నాయన ఎంతని రాసిచ్చినాడు?”

ప్రదీప్ చెయ్యి చొక్కా జేబు దాకా పోయింది. ఆ కాగితం అందులోనే ఉంది. అతను మామ మొహం చూశాడు. గోపాలస్వామి చూపు దించుకున్నాడు. ఆ దించుకోవడంలోనే అల్లుడికి అంతా తెలిసిపోయింది. చెయ్యి కిందికి దిగింది.

“మామ ఎనభై నాలుగనే రాసిచ్చినాడు. నేనే తప్పు సూసుకున్నా.”

స్వర్ణ ఇక ఆగలేదు. కళ్ళు ఎక్కడ పెట్టుకొని చదివారంది. అమ్మ మూడేళ్ళుగా ఎదురుచూస్తోందని తెలిసి కూడా ఇంత అజాగ్రత్తా అంది. మా నాయన ముందు నా పరువు తీసేశారంది. ప్రదీప్ తలుపు పక్కన నిలబడి అన్నీ పడ్డాడు. ఒక్కసారైనా మామ వైపు తిరగలేదు.

గోపాలస్వామి నోరు మూసుకుంటే చాలు. ఉగాది నుంచి కోరుకున్నదంతా ఆ గదిలో జరుగుతోంది. కానీ కూతురి ప్రతి మాటా మొదట అల్లుడికి తగిలి, ఆనక తన మీదికే వస్తోంది. ఈ పిల్లవాడు నన్ను కాపాడుతున్నాడు, దేని నుంచి కాపాడుతున్నాడో తెలిసే కాపాడుతున్నాడు అనుకున్నాడు. చేతిలోని కిరసనాయిలు గుడ్డ పక్కన పెట్టాడు.

“ఆయప్పను అనొద్దుమా. ఎనభై రెండని రాసింది నేనే. తెలిసే రాస్తిని.”

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. స్వర్ణ తండ్రినే చూస్తూ నిలబడింది. ప్రదీప్, పోనీ మామా అని ఏదో అనబోతే ఆమె చెయ్యెత్తి ఆపింది.

“యాల రాసినావు నాయనా?”

గోపాలస్వామి పాత చక్రాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

“పెండ్లి కాకముందు, ఏది సెడిపోయినా నన్నడిగేదానివి. ఇప్పుడు ఏదడిగినా ఆయన చేస్తాడంటావు. నా చేతికి ఇంక పని లేదనిపించింది. ఆ పిల్లోడు ఒక్కసారన్నా ఓడిపోతే సూడాలనిపించింది.”

రాజేశ్వరమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఆమె గొంతు పెంచలేదు.

“వాళ్ళిద్దరికీ ఏం చెప్పుకుంటావో చెప్పుకో. ఆ పెట్టె మా నాయనది. నీ కుళ్ళుకు దాని గొంతు నొక్కినావు సూడు, అది నాకు పెద్ద బాధగా ఉండాది.”

ముప్పై ఏళ్ళ కాపురంలో భార్య ముందు గోపాలస్వామి ఏడవడం అదే మొదలు. స్వర్ణ తండ్రి దగ్గరికి పోలేదు. ముందు భర్త దగ్గరికి పోయి, అన్న మాటలకు తప్పైందని మెల్లగా చెప్పింది. అది చూసి ఆయనకు ఈసారి అసూయ కలగలేదు, సిగ్గేసింది. ఆ పూట అందరూ టమాటా చారుతోనే తిన్నారు. వెళ్ళేటప్పుడు ప్రదీప్ మాత్రం చెప్పుల దగ్గర ఆగాడు.

“వచ్చే ఆదివారం మీరే షెడ్డుకు రాండి మామా. పక్కన మీరుంటే నాకూ ధైర్యం.”

గోపాలస్వామి వెళ్ళాడు. పాత చక్రాన్ని గుడ్డలో చుట్టి, పలమనేరులో బస్సు మారి కుప్పం చేరాడు. షెడ్డులో అల్లుడు ఇత్తడి కోస్తుంటే పక్కన స్టూలు మీద కూర్చొని, ప్రతి పంటికీ పైకి లెక్క చెప్పాడు. అతని చెయ్యి ఎంత నిదానమో, కత్తి ఎంత మెత్తగా దించుతాడో దగ్గర నుంచి చూడటం అదే మొదటిసారి. మధ్యలో ఒకచోట కత్తి మొన మొద్దుబారిందని శబ్దం విని ఆయనే పట్టుకున్నాడు. ప్రదీప్ యంత్రం ఆపి చూసుకొని, నాకు వినపడలేదు మామా అన్నాడు. అది మొహమాటానికి అన్న మాట కాదు. మధ్యాహ్నం కూతురింట్లో, ఎవరూ అడగకుండానే గోపాలస్వామి రెండోసారి టమాటా చారు పోయించుకున్నాడు.

సాయంత్రం బస్సుకు ముగ్గురూ పుంగనూరు చేరారు. చక్రం కూర్చుంది. కీ ఇచ్చి బ్రేకు వదిలితే పళ్ళెం చప్పుడు లేకుండా తిరిగింది. రికార్డు మీద సూది దించింది రాజేశ్వరమ్మే. గరగరమన్న గీతల వెనక నుంచి ఒక ఆడగొంతు, సన్నగా, ఎక్కడో దూరాన్నుంచి వస్తున్నట్టు లేచింది. ఆమె పెట్టె మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకొని నిలబడిపోయింది.

పాట విని పక్కింటి గంగులప్ప గోడ మీదుగా తొంగిచూసి, మొత్తానికి సాధించినావు స్వామీ అన్నాడు. గోపాలస్వామి తల అడ్డంగా ఊపాడు.

“మా అల్లుడు కోసినాడప్పా చక్రం. నేను లెక్కపెట్టినా, అంతే.”

స్వర్ణ వచ్చి తండ్రి పక్కన మెట్టు మీద కూర్చుంది. వారం రోజులుగా ఫోనులోనూ ఆయనతో ముక్తసరిగా మాట్లాడుతున్న పిల్ల, ఆయన నూనె చేతిని తన కొంగుతో తుడిచి, అలాగే పట్టుకొని పాట అయిపోయేదాకా వదల్లేదు.