చేయి ఆగే క్షణం

2084లో ఊపిరిజ్వరం మూడోసారి విరుచుకుపడింది. కాకినాడ తీరానికి దూరంగా, నీటిమీద తేలే ఆస్పత్రిలో, సలోమి తన చేతుల్ని నలభైమంది కొత్త నర్సుల దగ్గర చూసుకుంటోంది. రోగికి ఊపిరిగొట్టం వేస్తున్నది వాళ్లలో ఒకతైన కేసరే అయినా, మణికట్టు తిప్పే తీరు సలోమిది.

దానికి కారణం 'కరస్మృతి'. ముప్ఫై ఏళ్లుగా నర్సుగా ఉన్న సలోమి చేతి కదలికల్ని శాస్త్రవేత్త విహారి ఓ సన్నని చేతితొడుగులోకి ఎక్కించాడు. అది వేసుకున్నవాళ్ల కండరాలకు సంకేతాలు పంపుతుంది. మొన్నటిదాకా బట్టలు కుట్టుకున్న కేసరి పన్నెండు రోజుల్లో నర్సయిపోయింది.

ఒక్క లోపం మిగిలింది. రోగిని ముట్టుకునే ముందూ, రక్షణ దుస్తులు విప్పే ముందూ సలోమి చేయి రెండు సెకన్లు ఆగేది. దాంతో నలభైమందీ ఆగేవారు.

"ఈ తడబాటు తీసేస్తాను సిస్టర్. రోజుకి ఇంకో అరవైమందిని చూడొచ్చు," అన్నాడు విహారి.

సలోమికి సిగ్గేసింది. ఇన్నేళ్లొచ్చినా చేయి తడబడుతోందా?

"తీసెయ్ బాబూ."

అది తీసేసిన తొమ్మిదో రోజుకల్లా ఆరుగురు నర్సులు అదే జ్వరంతో మంచం పట్టారు. వాళ్లలో కేసరి కూడా ఉంది.

"ఎలా అంటుకుందే నీకు?" అడిగింది సలోమి.

"ఏటోనమ్మా... సేతులే ఇప్పేసుకుంతన్నాయి కదా. నాను సూడ్నేదు," ఆయాసపడుతూ అంది కేసరి.

సలోమి కాలు నిలవక దుస్తులు విప్పే గదికి పరుగెత్తింది. అక్కడ నర్సుల చేతులు చకచకా కదులుతున్నాయి, కళ్లు మాత్రం ఎక్కడో ఉన్నాయి. ఒకమ్మాయి రక్షణ దుస్తుల్లో ముంజేతి కుట్టు దగ్గర గోరంత చిరుగు. ఆ చేయి మాస్కు మీదికి పోతుంటే సలోమి గబుక్కున పట్టుకుని ఆపింది.

"అది తడబాటు కాదు విహారీ, భయం," అంది తిరిగొచ్చి. "ఆ రెండు సెకన్లలో చిరుగులేమన్నా ఉన్నాయేమోనని చూసుకునేదాన్ని. నాకే తెలీలేదు. మళ్లీ పెట్టు."

"అరవైమంది రోగులు సిస్టర్..."

"పెట్టమంటున్నాగా!"

మర్నాడు పొద్దున నలభైలో మిగిలిన ముప్ఫైనలుగురి చేతులూ రోగుల ముందు ఆగాయి. చేయి ఆగితే కళ్లు పనిచేశాయి. ముంజేతి కుట్టు చూసుకున్నారు. పక్క మంచాల మీద రొప్పుతున్న తోటి నర్సుల్నీ చూశారు.

మధ్యాహ్నానికల్లా ఏడుగురు తొడుగులు తీసి బల్లమీద పెట్టి, తీరానికి వెళ్లే పడవెక్కేశారు.

"తొడుగులో ఏదో పొరపాటు జరిగింది సిస్టర్!" అన్నాడు విహారి, కంగారుగా.

"తొడుగు బాగానే ఉంది. వాళ్లకి ఆలోచించుకోడానికి టైమిచ్చిందంతే."

దూరమవుతున్న పడవవైపు సలోమి కూడా కాసేపు చూసింది. తర్వాత మాస్కు బిగించుకుని, ఆ ఏడుగురూ చూసుకునే రోగుల మంచాల నంబర్లు చెప్పమంది విహారిని.