మిషన్ పన్నీరు: అయిదు ఆంప్స్, ఒక గేటు

“విదేశీ ముఠా మురుగు కాలవని మంచినీళ్ళ పైపుకి కలిపేసింది. రెంటి మధ్యా ఉన్న గేటు మోటారుకి కరెంటు కోసేసింది. పన్నెండింటికి పంపులు వాటంతటవే ఆన్ అవుతాయి. ఆలోపు గేటు మూయకపోతే ఊరంతా తాగేది అదే. పని కాగానే కోడ్ చెప్పు: పన్నీరు,” అన్నాడు బాస్.

ఏజెంట్ ‘ముక్కు’ మొహం చిట్లించాడు. వీధి చివర బాంబున్నా వాసన పట్టే ముక్కు! దాన్ని తీసుకెళ్ళి మురుగులో పెట్టమంటున్నారు.

పదకొండూ యాభై. పంపు మెకానిక్ వేషంలో, పవర్ సప్లై దాచిన సూట్‌కేసుతో లోపలికి దిగాడు. దారి చూపించింది ‘సెంటు’. మనవైపు మనిషేనని బాస్ నమ్మిన అందగత్తె. గదంతా కుళ్ళు. గోడలకి జిడ్డు.

గేటు మోటారుకి వైర్లు తగిలించి స్విచ్ నొక్కాడు. టక్! సప్లై ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. టక్!

వెనకాల తలుపుకి తాళం పడింది.

“ఎందుకు అవస్థ, డియర్?” తలుపవతల మురుగు జాలీ మీద నిలబడి నవ్వింది సెంటు. “తిరుగుతుంటే ఆ మోటారుకి నాలుగు ఆంప్స్ చాలు. లేవడానికి ఇరవై కావాలి. నీ పెట్టె ఇచ్చేది అయిదు!”

“ఈ పెట్టె ఇచ్చిన మా స్టోర్స్ గుమాస్తా నీ మనిషా?”

“ఛీ, నాకూ పరువుంది! మోటారు నేమ్‌ప్లేట్ మీద నాలుగని చూసి, ఒకటి కలిపి దయచేశాడు. అలాంటివాళ్ళు మాకు ఫ్రీగా దొరుకుతారు.”

ముక్కుకి ముక్కు మీదే ఉంది కోపం. కానీ బుర్ర పనిచేసింది. మోటారంటే కొత్తల్లుడు. గుమ్మంలోనే అంతా వడ్డిస్తే ఇల్లు గుల్ల. కొసరి కొసరి పెట్టాలి. వోల్టేజీ నాబ్‌ని సున్నాకి తిప్పి, మెల్లగా పెంచాడు. రెండు ఆంప్స్... నాలుగు... అయిదు. మోటారు మూలిగింది, కదల్లేదు. గేటు చక్రం బురదలో కూరుకుపోయి ఉంది.

పదకొండూ యాభై ఎనిమిది.

ముక్కు చొక్కా చెయ్యి మడిచి, భుజం దాకా ముంచాడు. గోరువెచ్చగా, జారుడుగా, వెంట్రుకలు వేళ్ళకి చుట్టుకుంటూ... యాక్! చక్రాన్ని తోశాడు.

చక్రం కదిలింది. మోటారు వేగం అందుకున్నకొద్దీ ఆంప్స్ తగ్గాయి. నాబ్ పెంచాడు. గేటు దిగింది. ఇంకా రెండు సెకన్లుండగా, ఢన్!

పంపులు గర్జించాయి. ముందుకి దారిలేని మురుగు వెనక్కి తన్ని, జాలీలోంచి ఫౌంటెన్‌లా లేచింది. సెంటు కేకకి గోడలు అదిరాయి. ఇక ఎంత దూరం పారిపోయినా పట్టుకోవడానికి ముక్కే అక్కర్లేదు, ఎవరైనా చాలు.

“కోడ్?” వైర్‌లెస్‌లో బాస్.

“పన్నీరు,” అని కక్కినంత పనిచేశాడు ముక్కు. “సార్, గుమాస్తాని ఆఫీసులోనే ఉండమనండి. షేక్‌హ్యాండ్ ఇవ్వాలి. అందాకా ఈ చెయ్యి కడగను.”