దోర్కా ఎఫ్-6

2009 జూన్ 14, ఆదివారం. నాచారంలోని మా మందుల ఫ్యాక్టరీకి సెలవు. గేటు దగ్గర ఒక వాచ్‌మన్, మొదటి అంతస్తు కంప్యూటర్ గదిలో ఇద్దరం: మేనేజర్ సుబ్రహ్మణ్యం, నేను. బయట ఎండ మండుతోంది. లోపల ఏసీ హోరు, బీరువాల్లాంటి పాత మెయిన్‌ఫ్రేమ్ మూలుగు.

మరునాడు తనిఖీకి అధికారులు వస్తున్నారు. ఆలోగా దోర్కా రాసిన మూడు వరుసలు మాయం కావాలి.

దోర్కా మా ఆపరేటర్. మార్చి 9 మధ్యాహ్నం కింద ప్లాంటులో గ్యాస్ లీకైనప్పుడు ఈ గదిలోనే చనిపోయింది. ముందు మెట్లు గ్యాస్ వైపే దిగుతాయి. వెనుక తలుపుకు బయటి నుంచి తాళం. పనివాళ్లు చాయ్‌కు జారుకుంటున్నారని ఆ తాళం వేయించింది సుబ్రహ్మణ్యమే. కంపెనీ నివేదికలో మాత్రం ఆమె డ్యూటీలో నిద్రపోయిందని రాశారు. నేను క్యాంటీన్లో ఉన్నానని రాసిచ్చాను.

ఆమె తల్లి దానమ్మ ప్రతి సోమవారం గేటు దగ్గరికి వచ్చి ఒకటే అడిగేది. "నా బిడ్డ పనిల పండుకునే రకం కాదు సారూ. ఆఖరుకు ఏమన్న రాసిందా?"

రాసింది. షిఫ్టు లాగ్‌లో, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగులో.

2.41 వాసనొస్తున్నది.
2.44 ఎనుక తలుపుకు తాళమున్నది.
2.47 ఫోను ఎత్తుతలేరు.

ఆ లాగ్‌కు పద్నాలుగు నకళ్లున్నాయి. అన్నిటినీ తెరిచి చెరపాలంటే పూటంతా పడుతుంది. అందుకే మాక్రో రాయమన్నాడు. మాక్రో అంటే పది పనులను ఒక్క కీకి కట్టేయడం. ఆ విద్య నాకు నేర్పిందే దోర్కా. "ఒక్కటే ముచ్చట గన్నిసార్లు ఏం కొడ్తవ్ ఉపేందరన్నా, వేళ్లు అరుగుతయ్" అని ఎగతాళి చేసేది. తను ఎఫ్-6 కీకి ఒక మాక్రో పెట్టుకుంది. నొక్కితే కొత్త వరుస తెరుచుకుని, అప్పటి సమయం దానంతటదే పడుతుంది.

లాగ్‌లో ఎవరి వరుస వాళ్ల ఐడీతోనే చెరపాలి. ఆమె ఐడీ ఇంకా బతికే ఉంది. కొత్తదానికి హెడ్డాఫీసు సంతకాలు కావాలి కాబట్టి మా దగ్గర పోయినవాళ్ల ఐడీలే వాడుకుంటాం. పాస్‌వర్డ్ కీబోర్డు కింద చీటీ మీద ఉంది: దానమ్మ. ఆ పేరు కొట్టి లోపలికి వెళ్లాను. ఎఫ్-6 మీద ఆమె మాక్రో తీసేసి నాది పెట్టాను.

"కానివ్వవయ్యా," అన్నాడు సుబ్రహ్మణ్యం. "చచ్చినదాని రాతకు ఇంత మర్యాద దేనికి?"

చెంప పగలగొట్టాలనిపించింది. కీ నొక్కాను.

ఏదీ చెరగలేదు. కింద కొత్త వరుస తెరుచుకుంది. 2.41. గోడ గడియారంలోనూ అంతే. తర్వాత అక్షరాలు ఒక్కొక్కటిగా పడ్డాయి.

వాసనొస్తున్నది.

"వేళాకోళమా?"

"నేను కొట్టలేదు సార్." నా చేతులు ఒళ్లో ఉన్నాయి.

కీల పట్టిక తెరిచాను. ఎఫ్-6 ఎదురుగా నా మాక్రో పేరే ఉంది. పొరపాటేమీ లేదు. అప్పుడు తగిలింది... కుళ్లిన కోడిగుడ్ల వాసన. మొదట సన్నగా. తర్వాత గొంతులోకి.

ఎఫ్-6 దానంతటదే కిందికి దిగింది. లేచింది.

2.44 ఎనుక తలుపుకు తాళమున్నది.

సుబ్రహ్మణ్యం తలుపు దగ్గరికి పరుగెత్తాడు. ఆ తాళం తీసేసి మూడు నెలలైంది. గడియ కూడా పీకేశారు. లాగాడు. రాలేదు. అవతల ఇనుప తాళం చెక్కకు కొట్టుకుంది... టక్... టక్.

నేను గేటుకు ఫోన్ చేశాను. కిటికీలోంచి వాచ్‌మన్ కనిపిస్తున్నాడు. బల్ల మీద ఫోన్ పక్కనే కూర్చున్నాడు. మోగుతోంది... తల తిప్పలేదు.

2.47 ఫోను ఎత్తుతలేరు.

మూడు వరుసలూ అయిపోయాయి. ఇక ఏమీ ఉండదు అనుకున్నాను.

కీ మళ్లీ దిగింది. ఈసారి చాలాసేపు లేవలేదు.

2.49 ఉపేందర్ అన్న మెట్ల మీద ఉన్నడు. పిలుస్తున్న. పలుకుతలేడు.

సుబ్రహ్మణ్యం నా వైపు తిరిగాడు. "క్యాంటీన్లో ఉన్నానని రాసిచ్చావు కదా..." అన్నాడు గుసగుసగా.

గ్యాస్ లీకైన రోజు వెనుక మెట్ల మీద సిగరెట్ కాలుస్తున్నాను. దోర్కా లోపలి నుంచి తలుపు బాదింది. నా పేరు పెట్టి పిలిచింది. తాళంచెవి నా దగ్గర లేదు. పగలగొట్టడానికి మంటలార్పే సిలిండర్ పక్కనే గోడకు వేలాడుతోంది. నేను దిగి పారిపోయాను.

తలుపు మెల్లగా తెరుచుకుంది. అవతల ఎండ. మెట్లు ఖాళీ.

ఆ ఆదివారం నేను ఒక్క వరుస కూడా చెరపలేదు. లాగ్ ప్రింటు తీశాను. సోమవారం గేటు బయట దానమ్మ చేతిలో పెట్టి చదివి వినిపించాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని విన్నది. తర్వాత కాగితం కింది అంచు వేలితో తడిమింది.

"గింతేనా బిడ్డా? కింద చింపినట్టున్నది."

"గింతేనమ్మా," అన్నాను.

ఇప్పుడు ఉప్పల్‌లో వేరే ఆఫీసు, వేరే మెషీన్, నా సొంత ఐడీ. ఎఫ్-6కు ఏ మాక్రో పెట్టలేదు. అయినా మధ్యాహ్నం అది ఒకసారి దిగి లేస్తుంది. వరుస అదే: పిలుస్తున్న. సమయమే రోజుకో నిమిషం ముందుకు జరుగుతోంది.

పోస్టుమార్టం కాగితం ప్రకారం దోర్కా 2.53కు చనిపోయింది. నిన్నటి వరుసలో 3.20 అని ఉంది. ఇంకా పిలుస్తూనే ఉంది.